బరువు తక్కువగా పుట్టిన బాబు.. పరిగెత్తితే ఆయాసం, ఏం చేయాలి?

నమస్తే అండి. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బాబుకు 9 ఏళ్లు. నెలలు నిండాకే పుట్టాడు కానీ బరువు 1.9 కిలోలే. ఏడో నెల స్కానింగ్‌లోనే కడుపులో బిడ్డ ఎదుగుదల తక్కువుందన్నారు. నాకప్పుడు బీపీ ఎక్కువ, రక్తం తక్కువ.

ఇప్పుడు తిండి బాగానే తింటాడు. సమస్యల్లా ఆటల దగ్గరే. బడిలో రెండు రౌండ్లు పరిగెత్తేసరికి ఆయాసం, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతాడు. పిల్లికూతలు మాత్రం వినపడవు. చలికాలంలో దగ్గు ఎక్కువ. "సన్నగా ఉన్నాడు, అంతే" అంటుంది మా అత్తమ్మ. నాకేమో మనసొప్పట్లేదు.

ఊపిరితిత్తుల్లోని గాలి గదులు కడుపులో చివరి నెలల్లో మొదలై పుట్టాక కూడా పెరుగుతాయట. కడుపులో ఎదుగుదల తగ్గిన కొందరు పిల్లల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం కాస్త తక్కువగా ఉండొచ్చని డాక్టర్ చెప్పారు. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేయించమన్నారు. మీ పిల్లలకు ఎవరైనా చేయించారా? ఈ వయసులో సరిగ్గా ఊదగలరా? ఈలోపు ఆటలు మాన్పించాలా, మెల్లమెల్లగా అలవాటు చేయాలా? పీఈటీ సారేమో రోజూ పరిగెత్తించమంటున్నారు.

ఇలా పుట్టిన పిల్లలున్న వాళ్లు చెప్పండి, పెద్దయ్యేకొద్దీ దమ్ము పెరిగిందా? ఈ పరీక్ష నల్గొండలో అవుతుందా, హైదరాబాద్ పోవాల్సిందేనా?