తెలిసినవాళ్ల బొటిక్‌లో ఇచ్చిన మగ్గం బ్లౌజులు: పెళ్లికి 11 రోజులే ఉంది, ఏం చేయమంటారు?

ప్రశ్న (పెళ్లికూతురి అక్క, విజయవాడ)

అందరికీ నమస్కారం అండీ. మా చెల్లి పెళ్లి ఇంకా 11 రోజుల్లో. మా అమ్మతో పాటు స్కూల్లో పనిచేసే టీచర్ గారి కోడలు ఇంట్లోనే బొటిక్ నడుపుతోంది. "బయటెక్కడో ఎందుకు, మన పిల్లే కదా, మనసు పెట్టి చేస్తుంది" అని అమ్మ అక్కడే ఇప్పించింది. మూడు బ్లౌజులు, మూడూ మగ్గం వర్క్‌తో, అంటే చేత్తో చేసే ఎంబ్రాయిడరీతో. ముహూర్తం చీర మీదకి 14,000, పెళ్లికూతుర్ని చేసే రోజుకి 8,000, అమ్మకి 6,000. కుట్టుకూలీతో కలిపి మొత్తం 28,000. రెండు నెలల క్రితమే 20,000 ఫోన్‌పే చేశాను. బిల్లు నేను అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు. మాటలన్నీ వాట్సాప్‌లోనే.

నిన్న 8,000 బ్లౌజు వచ్చింది. కవరు విప్పగానే కిరసనాయిలు వాసన. మెడ చుట్టూ చేసింది బాగానే ఉంది. చేతుల మీది నెమళ్లు మాత్రం ఏదోలా కనిపించాయి. తిరగేసి చూస్తే లోపలంతా తెల్ల దారం, దానికి కాగితం ముక్కలు అంటుకుని ఉన్నాయి. కుందన్లు జిగురుతో అంటించారు, చెల్లి చెయ్యి దూర్చేసరికి మూడు రాలి మంచం మీద పడ్డాయి. పైగా ఛాతీ దగ్గర హుక్కులు పడటం లేదు. పాపం అది అద్దం ముందు అలాగే నిలబడిపోయింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఫోన్ చేస్తే "సీజన్ కదా అక్కా, కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటోంది. అమ్మేమో "ఏమీ అనకు, రేపు స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ మొహం నేను చూడాలి" అంటోంది. మిగతా రెండు బ్లౌజులూ అక్కడే ఉన్నాయి. ఫాల్, కుచ్చుల కోసం ఇచ్చిన ముహూర్తం చీర కూడా అక్కడే. ఇప్పుడు ముందు ఏం చేయాలి? డబ్బు సంగతి ఎలా అడగాలి?

జవాబు (ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన అమ్మ, ఏలూరు)

అమ్మాయ్, ముందు చీర ఇంటికి తెచ్చుకో. డబ్బు మాట, తప్పుల మాట ఆ తర్వాతే. కుచ్చులు సగంలో ఉన్నా సరే తెచ్చేయ్, రెండు రోజుల్లో వేసిచ్చేవాళ్లు మీ ఊళ్లోనే బోలెడుమంది. మాటామాటా వచ్చాక చీర కోసం వాళ్ల గుమ్మం ముందు నిలబడే పరిస్థితి రాకూడదు.

జవాబు (తెనాలిలో 22 ఏళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను)

అక్క గారూ, కంగారు పడకండి, 11 రోజులంటే చాలా టైమే. ఒక్కొక్కటిగా చెప్తాను.

తెల్ల దారం, కాగితం ముక్కలు ఉన్నాయంటే ఆ చేతులు కంప్యూటర్ వర్కే, అంటే మిషన్ ఎంబ్రాయిడరీ. మిషన్‌లో కింది బాబిన్ దారం లోపలివైపు అలా తేలుతుంది, గుడ్డ ముడతపడకుండా అడుగున కాగితం పెడతారు. చేత్తో చేసిన మగ్గం పనికి లోపల సన్నటి కుట్ల గీతలు, అక్కడక్కడా ముడులు కనిపిస్తాయి. ఇంకో గుర్తు: చేతిపనిలో రెండు నెమళ్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా రావు, తోక దగ్గరో ముక్కు దగ్గరో తేడా ఉంటుంది. కంప్యూటర్ వర్క్ వేయడం తప్పు కాదు, తక్కువ ధరలో బాగానే వస్తుంది. మగ్గం రేటు తీసుకుని అది వేయడమే తప్పు.

కిరసనాయిలు వాసనకి భయపడొద్దు. డిజైన్ గీసిన ట్రేసింగ్ కాగితానికి సూదితో సన్నటి చిల్లులు పొడిచి, పొడిని కిరసనాయిల్లో కలిపి రుద్దుతారు, అచ్చు గుడ్డ మీద పడుతుంది. ఆ వాసనే అది. రెండు రోజులు నీడలో గాలి తగిలేలా వేలాడదీయండి. ఎండలో వేయకండి, రంగు దిగుతుంది. సెంటు అసలే కొట్టకండి, జర్దోసి నల్లబడుతుంది.

బిగుతు సంగతి. బ్లౌజు తిరగేసి పక్క కుట్ల దగ్గర లోపల ఎంత గుడ్డ వదిలారో స్కేలు పెట్టి చూడండి. ఒక్కోవైపు అంగుళం ఉన్నా చాలు, విప్పి వదులు చేయొచ్చు. పట్టు మీద పాత సూది చిల్లులు కొద్దిగా కనపడతాయి, కానీ అది చంక కింద, పైట చాటున ఉండే చోటు. గుడ్డ వదలకపోతే రెండు పక్కలా సన్నటి పట్టీ వేయించండి. దానికి మిగిలిన ముక్కలు మీ బొటిక్ ఆవిడ దగ్గరే ఉంటాయి, అడిగి తీసుకోండి. లేవంటే బ్లౌజు చేత్తో పట్టుకుని వన్‌టౌన్‌లో బట్టల షాపులుండే వస్త్రలతకి వెళ్లండి, పగటి వెలుతురులో పెట్టి చూసి రంగు కలుపుకోండి. షాపు లైట్ల కింద కలిసిన రంగు మండపంలో కలవదు.

రాలిన కుందన్లకి ఫెవిక్విక్ లాంటివి వాడకండి. గట్టిపడి తెల్లటి మచ్చ పడుతుంది, పట్టు మీద ఇక పోదు. ఉన్నవాటి చుట్టూ కూడా సన్నటి జరీ దారంతో కదలకుండా పట్టి ఉంచే కుట్టు వేయించండి. మగ్గం పనివాళ్లు గంటలో చేసేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైంది ముహూర్తం బ్లౌజు. మగ్గం పని విడి గుడ్డ మీదే చేస్తారు, కుట్టేది ఆ తర్వాతే. కాబట్టి వర్క్ అయిపోయి ఇంకా కత్తిరించకపోతే, కుట్టొద్దని చెప్పి గుడ్డగానే తెచ్చుకోండి. మీ చెల్లెలికి రోజూ కుట్టే టైలర్ చేత కుట్టించండి. ముందు లైనింగ్ గుడ్డతో ఒకటి కుట్టి తొడిగి చూడమనండి, అది సరిపోయాకే అసలు గుడ్డకి కత్తెర పెట్టాలి. ఒక్క పూట పని, మనసుకి ధైర్యం.

అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండీ. ఇప్పుడే తిరగేసి కొలిచాను, ఒక్కోవైపు ముప్పావు అంగుళం ఉంది. ముహూర్తం బ్లౌజు ఇంకా మగ్గం మీదే ఉందట, ఒక చెయ్యి మిగిలిందట. అమ్మది అసలు మొదలే పెట్టలేదు.

జవాబు (నేనూ ఇంటి దగ్గర చిన్న బొటిక్ నడుపుతున్నాను, రాజమండ్రి)

ఆవిడని వెనకేసుకురావడం లేదు, లోపల ఏం జరిగి ఉంటుందో చెప్తాను. ముహూర్తాలు వరసగా పడ్డప్పుడు చేయగలిగినదానికి రెట్టింపు ఆర్డర్లు ఒప్పుకుంటాం. పనివాళ్లలో ఒకరు ఊరెళ్లినా మగ్గం ఆగిపోతుంది. అప్పుడు ఎవరి పని వెనక్కి పోతుందంటే, తెలిసినవాళ్లదే. బయటివాళ్లు గొడవ చేస్తారు, మనవాళ్లయితే ఒక రోజు అటూ ఇటూ అయినా ఏమీ అనరులే అనుకుంటాం. నేనూ ఒకసారి అలాగే చేశాను. మా పిన్ని కూతురి బ్లౌజు పెళ్లి ముందు రోజు రాత్రి 11 గంటలకి ఇచ్చాను. అది ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది.

అందుకే మీరు ఆవిడ అత్తగారి ద్వారా, మీ అమ్మ ద్వారా కబురు పంపకండి. నాలుగు నోళ్లు దాటేసరికి మీ మాట ఇంకోలా మారిపోతుంది. మీరే బ్లౌజు పట్టుకుని మధ్యాహ్నం పూట, వేరే కస్టమర్లు లేని టైమ్‌లో వెళ్లండి. టేబుల్ మీద తిరగేసి పెట్టి "ఇది కంప్యూటర్ వర్క్ కదమ్మా, మనం మాట్లాడుకుంది మగ్గానికి కదా" అని అడగండి. అంతే, గొంతు పెంచక్కర్లేదు. కళ్లముందు పెట్టిన తప్పుని ఏ పనిమంతురాలూ కాదనలేదు. ఆమె వయసులో చిన్నదైతే పేరు పెట్టి పిలిచే మాట్లాడండి, ఉన్నట్టుండి "మీరు" అనడం మొదలుపెడితే ఆ పిల్ల బిగుసుకుపోతుంది.

జవాబు (ఏలూరు అమ్మే)

ఇంకో మాట. "మొత్తం డబ్బు వెనక్కివ్వు" అని మొదలెట్టకు. ఆ డబ్బు ఎప్పుడో పూసలకీ కూలీలకీ అయిపోయి ఉంటుంది. కావాల్సింది పెళ్లికి బట్ట. అది చేతికొచ్చేదాకా లెక్క మాట్లాడు, కానీ తెగదెంపులు చేసుకోకు.

జవాబు (గుంటూరులో ఒక లాయర్ గారి ఆఫీసులో పనిచేస్తాను)

ఇంతదాకా రాకూడదనే కోరుకుంటున్నాను, అయినా తెలిసి ఉండటం మంచిది. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రసీదు, వాట్సాప్‌లో ధర, "మగ్గం" అన్న మాట, తేదీ ఉంటే అవి ఆధారాలే. చాట్ డిలీట్ చేయకండి. తెల్ల దారం కనపడేలా ఇవాళే ఫొటోలు తీసి పెట్టుకోండి, రిపేరు చేయించాక ఆ ఆధారం ఉండదు. ఇంటి దగ్గర నడిపే చిన్న వ్యాపారమైనా డబ్బు తీసుకుని సేవ చేస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కిందకే వస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్లలోపు వెళ్లాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. కానీ ఈ 11 రోజుల్లో అది మీకు బ్లౌజు తెచ్చిపెట్టదు. ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే నయం. తేలినదాన్ని అక్కడే, ఆమె ముందే, వాట్సాప్‌లో నాలుగు లైన్లు రాసి పంపండి, "సరే" అని జవాబు పెట్టించుకోండి.

అడిగినవారు (ఆరు రోజుల తర్వాత)

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఏం జరిగిందో చెప్పాలి కదా.

ఆ మర్నాడే మధ్యాహ్నం వెళ్లాను. ముందు చీర తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. తర్వాత బ్లౌజు తిరగేసి పెట్టాను. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు తను. తర్వాత చెప్పింది, పనివాడు సగంలో మానేసి వెళ్లాడట, చేతులు బయట కంప్యూటర్ మీద వేయించిందట. "చెప్తే మీరు గుడ్డ తీసేసుకుంటారని భయమేసింది అక్కా" అంది. నాకు కోపం పోలేదు. కానీ అరవాలనీ అనిపించలేదు.

లెక్క ఇలా తేలింది. అమ్మ బ్లౌజు వెనక్కి తెచ్చేశాను, దానికి ఏమీ లేదు. కంప్యూటర్ చేతుల బ్లౌజుకి 8,000 బదులు 4,500. ముహూర్తం బ్లౌజు గుడ్డగానే ఇస్తుంది కాబట్టి 14,000లో కుట్టుకూలీ 1,500 పోగా 12,500. మొత్తం 17,000, నేనిచ్చింది 20,000. తను 3,000 తిరిగివ్వాలి. 2,000 అక్కడే ఫోన్‌పే చేసింది, మిగతా 1,000 వచ్చే నెల మొదటివారంలో. అమ్మ ఆ వెయ్యి వదిలేయమంది. నేను వదల్లేదు, వాట్సాప్‌లో రాయించాను.

కంప్యూటర్ చేతుల బ్లౌజు పక్క కుట్లు మా టైలర్ విప్పి వదులు చేశాడు, 250 అయింది. హుక్కులు హాయిగా పడుతున్నాయి. ముహూర్తం గుడ్డ నిన్న సాయంత్రం వచ్చింది. ట్యూబ్‌లైటు కింద తిరగేసి అంగుళం అంగుళం చూశాను, అంతా చేతిపనే. ఎడమ చేతి మీద హంస మెడ కుడిదానికంటే కొంచెం ఎక్కువ వంగింది, అది చూశాకే నమ్మకం కుదిరింది. లైనింగ్‌తో కుట్టిన నమూనా చెల్లి తొడిగి చూసుకుంది, భుజం దగ్గర పావు అంగుళం తగ్గించమంది. ఎల్లుండి అసలుది చేతికొస్తుంది.

తెనాలి అన్నయ్య గారూ, అమ్మ బ్లౌజుకి ఇప్పుడు వర్క్ చేయించే టైము లేదు. చీర అంచు ముక్క చేతులకి వేసి కుట్టిస్తే బాగుంటుందా, పైపింగ్ ఒక్కటి చాలా?

జవాబు (తెనాలి టైలర్)

అంచు మూడు అంగుళాల లోపుంటే చేతులకి వేయించండి, వెనక మెడకి అదే రంగు పైపింగ్ చాలు. అంచు అంతకంటే వెడల్పైతే మోచేతి దాకా చేతులు పెట్టించండి, అప్పుడే అందంగా కూర్చుంటుంది. పెళ్లికి మూడు రోజుల ముందే చేతికి రావాలని చెప్పి, ఆ తేదీ చీటీ మీద రాయించుకోండి.