పుచ్చకాయ: కాయా, పండా?

మొన్న ఆదివారం మా డాబా మీద కాసిన ఒకే ఒక్క పుచ్చకాయ కోశాను. షుగర్ బేబీ రకం, జనవరిలో పెద్ద కుండీలో గింజ పెట్టాను. పొద్దున్నే మగపువ్వు తెంపి, అడుగున గోళీకాయంత పిందె ఉన్న ఆడపువ్వుకు పుప్పొడి అద్దితే నిలిచిన కాయ. పాత చున్నీతో ఉయ్యాల కట్టి పందిరికి వేలాడదీశాను. తీగకు కాయ బరువా అంటారు గానీ, కుండీలో తీగకు బరువే! ఆత్రం ఆగక 20 రోజులకే కోస్తే లోపలంతా తెలుపు, నడుమ కాస్త గులాబి, గింజలు ఇంకా తెల్లగానే. ఊళ్ళోంచి అమ్మ ఫోన్ చేసి "ఏమైందే, కాయా పండా?" అంది.

అప్పుడు తట్టింది. వెళ్ళిన పని అయిందా లేదా అని అడగాలంటే 'కాయా పండా' అంటాం. మామిడికాయ వేరు, మామిడిపండు వేరు. అరటికాయ కూరకి, అరటిపండు తినడానికి. దోసకాయకీ దోసపండు ఉంది. మరి ఎర్రగా, తియ్యగా పండినా పుచ్చకాయ మాత్రం కాయగానే ఎందుకు ఉండిపోయింది? చదివినవాళ్ళు మీకు తోచింది కింద చెప్పండి.

— నాకు తోచింది చెప్తాను. మామిడి మన కళ్ళముందే మారుతుంది. గడ్డిలో మాగేస్తే నాలుగు రోజులకి రంగు తిరుగుతుంది, ఇల్లంతా వాసన. అందుకే రెండు పేర్లు. పుచ్చకాయ తీగనుంచి తెంపాక ఇక పండదు. "పుచ్చకాయలు మాగేశాం" అని ఎవరైనా అనగా విన్నారా?

— అదే లెక్కయితే ద్రాక్ష ఏం పాపం చేసిందండీ? అదీ తెంపాక పండదు. అయినా ద్రాక్షపండ్లే అంటాం.

— ఒప్పుకున్నాను. అయితే మాగడం కాదు, పైకి కనబడడం అనుకుందాం. ద్రాక్ష పట్టుకుంటే మెత్తగా తెలుస్తుంది. పుచ్చకాయ తొక్క పచ్చిగా ఉన్నా పండినా ఆకుపచ్చే. కొయ్యకుండా ఎలా తెలుస్తుంది?

— మా కడప వైపు కలింగర అంటాం. కన్నడంలో కల్లంగడి, మరాఠీలో కలింగడ్. మేమూ కలింగరకాయ అనే అంటాం, కాబట్టి పేరు మారినా మీ సమస్య తీరలేదు. అన్నట్టు, పుచ్చిపోయింది కాబట్టి పుచ్చకాయ అని మా అబ్బాయి రెండేళ్ళు ముట్టుకోలేదు. చేదుగా ఉండే ఏటిపుచ్చలో ఉన్నదీ ఈ పుచ్చే నాయనా అంటే వింటేగా!

— లోపల గులాబి అన్నారు కదా. అది కాయా కాదు, పండూ కాదు, దోర. మీ అమ్మగారికి అలా చెప్పండి. ఈసారి పుప్పొడి అద్దిన తేదీ రాసుకుని 30, 35 రోజులు ఆగండి. కాయ ఉన్న కణుపు దగ్గరి నులితీగ ఎండాలి. నేలకి ఆనిన చోట పసుపు మచ్చ చూడమంటారు గానీ, ఉయ్యాలలో ఊగే కాయకి నేలెక్కడిది?

— దోర అని చెప్పానండీ. "అయితే పని సగం అయిందన్నమాట" అంది. రెండో పిందె నిలిచింది. కుండీ మీద సుద్దముక్కతో తేదీ రాశాను. ఇవాళ 11వ రోజు.