'అదిగో' అనడం కోతికి ఎందుకు రాదు?

మాది తిరుపతి, మిద్దెక్కితే కొండ కనిపించే వీధి. మొన్న సాయంత్రం మనవరాలిని చంకనేసుకుని అరటిపండు తినిపిస్తా ఉన్నా. దానికి పదమూడో నెల. పిట్టగోడ మీదికి ఒక కోతి వచ్చి కూర్చుంది. బిడ్డ వేలు చాచి "ద్దో!" అంది. అనేసి కోతి వైపు కాదు, నా మొహం వైపు తిరిగింది, నేను చూశానా లేదా అని. "అద్దో, కోతి!" అని నేననేదాకా ఆ వేలు దిగలేదు. కోతి మా మొహాలు చూసిందే లేదు, దాని చూపంతా పండు మీదే. (చివరికి పండు దానికే దక్కింది లెండి.)

అప్పట్నుంచి బుర్రలో 'అదిగో'నే. ఈ మాట ఏమీ అడగదు. ఇవ్వమనదు, రమ్మనదు. నేను చూస్తున్నది నువ్వూ చూడు, అంతే. ఇంత చిన్న మాటకు మనవాళ్లు చేసిన ముస్తాబు చూడండి: వస్తువులైతే అవిగో, మగవాడైతే అడుగో, పదిమందైతే అరుగో. అన్నమయ్య 'అదివో' అని ఆగలేదు, వెంటనే 'అల్లదివో' అన్నాడు. అల్లంత దూరంలోని 'అల్ల'నే అది. పక్కవాడి చూపు కొండకు అందలేదని వేలు ఇంకాస్త అటు జరిపినట్టుంటుంది నాకు.

చింపాంజీలకు సైగలు నేర్పినవాళ్లకు తగిలిన చిక్కు ఇక్కడే. నిమ్ అనే చింపాంజీ చేసిన అతి పొడవైన వాక్యం పదహారు సైగలు. దానికి సైగలు నేర్పిన అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ టెరెస్ బృందమే 1979లో ఈ సంగతి ప్రకటించింది. మాటకు మాట తెలుగులో పెడితే: "ఇవ్వు నారింజ నేను ఇవ్వు తిను నారింజ నేను తిను నారింజ ఇవ్వు నేను తిను నారింజ ఇవ్వు నేను నువ్వు." ఇందులో 'అదిగో' ఎక్కడైనా ఉందా? మనుషుల దగ్గర పెరిగిన చింపాంజీలు చెయ్యి చాచి చూపిస్తాయి, కానీ దాదాపు ఎప్పుడూ ఏదో కావాలనే. మన బిడ్డలు మాటలు సరిగ్గా రాకముందే, ఏడాది అటూ ఇటూగా, ఊరికే చూపించడానికి వేలెత్తుతారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మైకేల్ టొమాసెల్లో అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి పట్టుకున్నది ఈ తేడానే.

చిత్తూరు నుంచి ఒకరు: సార్, మా అవ్వది తమిళం, అమ్మది తెలుగు. 'అదో, ఇదో, ఇందా' అనే మూడు మాటలకు మా ఇంట్లో తర్జుమా అక్కర్లేదు, రెండు భాషల్లోనూ చెల్లుతాయి. కుప్పం దాటితే కన్నడంలో 'అగో, ఇగో'. చూపించే మాటకు సరిహద్దు తక్కువేమో!

పుత్తూరు నుంచి ఒకరు: ఒక మినహాయింపు ఉంది సార్. యుగాండాలోని కిబాలె అడవిలో ఫియొనా అనే ఆడ చింపాంజీ ఒక ఆకును సవరిస్తా కూర్చుని, దాన్ని తల్లి మొహం ముందు పెట్టింది. తల్లి కిందికి చూసేదాకా ఊరుకోలేదు. తినే ఆకేం కాదు. 2022లో వచ్చిన వార్త ఇది.

నేను: మంచి మాట గుర్తు చేశారు. అయితే ఆకు దాని చేతిలోనే ఉంది కదా. అది 'ఇదిగో' అయింది, 'అదిగో' ఇంకా కాలేదు. 'ఇందా'కూ 'అదిగో'కూ నడుమ ఒక మెట్టు దొరికినట్టే.

మదనపల్లె నుంచి ఒకరు: 'కోతిచేష్టలు' అన్న మాటనూ తిరగరాయాలి. 1931లో అమెరికాలో కెలాగ్ దంపతులు గువా అనే చింపాంజీ పిల్లను తమ కొడుకు డోనాల్డ్‌తో పాటు తొమ్మిది నెలలు పెంచారు. గువాకు మాట రాలేదు. తిండి చూస్తే గువా చేసే అరుపు మాత్రం డోనాల్డ్‌కు వచ్చేసింది! అచ్చంగా అనుకరించేది మన పిల్లలే. అయినా తిట్టు మాత్రం కోతికి.

నేను: పాపం కోతి! చింపాంజీకి తోక లేదన్నా మన భాష వినదు, అన్నిటినీ కోతి కిందే జమకడుతుంది.

ఇంకొక సంగతి అడగాలి. ఈ పొద్దున బిడ్డ మళ్లీ మిద్దె మీద పిట్టగోడ వైపే వేలు చూపించింది. అక్కడ కోతి లేదు. ఉత్త గోడ. నా మొహం చూసి "ద్దో" అంది. లేనిదాన్ని చూపించడానికి మనకో మాట ఉందా?

చిత్తూరు నుంచి: ఉంది సార్. రెండు చేతులూ తిప్పి "పాయ" అనండి. మా ఇంట్లో బిడ్డలందరికీ రెండో మాట అదే.