ఫ్రీబీఎస్‌డీలో లినక్స్ బైనరీ: లినక్సులేటర్ చాలదా, వీఎం పెట్టాల్సిందేనా?

మధురవాడ: రుషికొండలో ఒక ఆఫీసు ఫైల్ సర్వర్. ఫ్రీబీఎస్‌డీ 14 (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్), జడ్‌ఎఫ్‌ఎస్ (ర్యామ్‌ని క్యాష్‌గా వాడుకునే ఫైల్ సిస్టమ్), ర్యామ్ 8 జీబీ. బ్యాకప్ ఏజెంట్ లినక్స్ బైనరీగానే (కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌గానే) దొరుకుతోంది, సోర్స్ లేదు. వీఎం (వర్చువల్ మెషీన్) పెట్టి అందులో లినక్స్ నడిపితే 2 జీబీ దానికే పోతుంది, జడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్ ఆ మేరకు తగ్గుతుంది. లినక్స్ ప్రోగ్రాములని నేరుగా నడిపే ఫ్రీబీఎస్‌డీ పొర, లినక్సులేటర్, చాలంటాను. మీరేమంటారు?

గాజువాక: చాలు. అది ఎమ్యులేటర్ కాదు, ఇన్‌స్ట్రక్షన్లు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. కెర్నెల్ మార్చేది సిస్టమ్ కాల్స్‌ని, అంటే ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడిగే పిలుపులని. 64 బిట్ లినక్స్‌లో 1వ నంబర్ కాల్ అంటే రైట్. ఫ్రీబీఎస్‌డీలో అదే 1 అంటే ఎగ్జిట్. మధ్యలో ఈ పొర లేకపోతే ఒక్క అక్షరం రాయబోయి ప్రోగ్రామే ముగిసిపోతుంది. ఎర్రర్ నంబర్లూ అంతే, ఈఎగైన్ ("మళ్లీ ప్రయత్నించు" అనే ఎర్రర్) అక్కడ 11, ఇక్కడ 35.

సీతమ్మధార: బైనరీ మీద "ఇది లినక్స్‌ది" అని ముద్ర వేసే బ్రాండ్‌ఎల్ఫ్ కమాండ్ కొట్టాలా?

గాజువాక: స్టాటిక్ బైనరీ (లైబ్రరీలన్నీ తనలోనే ఉన్నది) అయి, "ఎల్ఫ్ బైనరీ టైప్ 0 తెలియదు" అని ఆగితేనే. మామూలు వాటిని, లైబ్రరీలు ఎక్కించే లోడర్ పేరు అందులో ఉంటుంది కాబట్టి, అది చూసి కెర్నెలే గుర్తుపడుతుంది. అసలు చూడాల్సింది గ్లిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములు వాడుకునే మూల సీ లైబ్రరీ) వెర్షన్. సెంటాస్ 7 బేస్‌లో (లినక్సులేటర్ కోసం /కంపాట్/లినక్స్ కింద వేసే లినక్స్ ఫైళ్ల సెట్‌లో) ఉండేది 2.17. ఏజెంట్ 2.34 అడిగితే రాకీ 9 బేస్ వెయ్యాలి. ఆబ్జ్‌డంప్ కమాండ్‌తో బైనరీలోని వెర్షన్ సింబల్స్ ముందే చూసుకోండి.

ఎంవీపీ కాలనీ: వేగం సంగతి ఒప్పుకుంటాను, అన్నా. కానీ ఇది బ్యాకప్ ప్రోగ్రామ్, నా భయమంతా అక్కడే. లినక్స్ ప్రోగ్రామ్ /ఈటీసీ (సిస్టమ్ సెట్టింగ్స్ ఉండే డైరెక్టరీ) తెరిస్తే కెర్నెల్ ముందు /కంపాట్/లినక్స్/ఈటీసీలో వెతుకుతుంది. అది ఉంది కాబట్టి అదే తెరుచుకుంటుంది. ఏజెంట్ ఏ ఎర్రరూ ఇవ్వదు, "విజయవంతం" అని రిపోర్టు రాస్తుంది, తీసినది మాత్రం సర్వర్ ఈటీసీ కాదు. డిస్క్ పోయిన రోజునే ఇది బయటపడుతుంది. పైగా ఆ ఏజెంట్‌కి లినక్స్ కెర్నెల్ మాడ్యూల్ కావాలంటే ఇక్కడ దారే లేదు. ఐఓ_యూరింగ్ (లినక్స్‌లో వేగంగా చదవడం, రాయడం కోసం ఉన్న ఏర్పాటు) కూడా లేదు, దాన్నే నమ్ముకున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అందుకే వీఎం అంటున్నాను.

గాజువాక: వీఎంలోనూ డేటా ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) లాంటి దాని మీదుగా వెళ్లాలి కదా. ఎన్‌ఎఫ్‌ఎస్ సెట్టింగ్స్ ఫైలు ఎక్స్‌పోర్ట్స్‌లో మ్యాప్‌రూట్=రూట్ పెట్టకపోతే 600 పర్మిషన్ (ఓనర్ మాత్రమే చదవగలిగేది) ఉన్న ఫైళ్లు ఏజెంట్ చదవలేదు. అదీ ఉచ్చే. ఈటీసీకి మందు ఉంది: /సర్వర్_ఈటీసీ అని ఖాళీ డైరెక్టరీ చేసి, నల్‌ఎఫ్‌ఎస్‌తో (ఒక డైరెక్టరీని ఇంకో పేరుతోనూ చూపించే ఏర్పాటు) అసలు ఈటీసీని దాని మీద రీడ్‌ఓన్లీగా మౌంట్ చేసి, ఏజెంట్‌కి ఆ పేరే ఇవ్వండి. ఆ పేరు /కంపాట్/లినక్స్ కింద లేదు కాబట్టి అసలుదే దొరుకుతుంది. /యూఎస్‌ఆర్/లోకల్/ఈటీసీకీ ఇలాగే చెయ్యాలి.

మధురవాడ: మాడ్యూల్ అవసరం లేని ఏజెంటే ఇది. నల్‌ఎఫ్‌ఎస్ దారి సరే.

ఎంవీపీ కాలనీ: అయితే ఒక్క షరతండీ. ముందు ఒకసారి వేరే డైరెక్టరీలోకి రీస్టోర్ చేసి ఫ్రీబీఎస్‌డీ ముఖ్య సెట్టింగ్స్ ఫైలు ఆర్‌సీ.కాన్ఫ్ ఉందేమో చూడండి. లినక్స్ బేస్‌లో ఆ ఫైలు ఉండదు. కనబడలేదంటే మీరు తీసింది తప్పు ఈటీసీ.