వాచ్‌నైట్ వాగ్దాన కార్డును దేవుని నడిపింపుగా తీసుకోవచ్చా?

గోదావరి విశ్వాసి: అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకున్న వాగ్దాన కార్డును, అంటే బైబిలు వచనం అచ్చువేసిన చీటీని బట్టి ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు తేల్చుకునే అలవాటు మన సంఘాల్లో బలపడింది. ఈ కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా 29:11, బబులోను చెరలో ఉన్నవారికి ప్రవక్త పంపిన ఉత్తరంలోనిది. ఇళ్లు కట్టుకొని, తోటలు నాటుకొని అక్కడే కాపురముండమని ఆ ఉత్తరం చెబుతుంది. విడుదలకు 70 ఏళ్లు పడుతుందని పదో వచనంలోనే ఉంది. దాన్ని విన్న పెద్దల్లో చాలామంది యెరూషలేమును మళ్లీ చూసి ఉండరు. అటువంటి మాటను సందర్భం నుంచి విడదీసి, ఈ ఏడాది నీకు మేలు జరుగుతుందని చేతిలో పెట్టడం నడిపింపు కాదు. వాక్యాన్ని వరుసగా చదవడంలోనూ, సంఘ సహవాసంలోనూ విశ్వాసికి నిలకడ దొరుకుతుంది.

మెదక్ సహోదరి: మీరు కొత్త దురాచారంగా చూపుతున్నది పాత ఆచారమే. జర్మనీలోని హెర్న్‌హూట్ ఊరి మొరేవియన్లు అనే ప్రొటెస్టెంటు సంఘంవారు రోజుకొక వచనాన్ని చీటీ తీసి ఎంచుకొని, 1731 నుంచి పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. యేసును అప్పగించిన యూదా స్థానంలోకి అపొస్తలులు మత్తీయను చీట్లు వేసే ఎన్నుకున్నారు. మా నాన్నగారు పోయిన తరువాతి వాచ్‌నైట్‌లో మా అమ్మకు హెబ్రీయులకు 13:5, ‘నిన్ను ఏమాత్రమును విడువను’ అన్న మాట వచ్చింది. ఆమెకు చదువు రాదు. పక్కింటి పిల్ల చేత చదివించుకొని ఆ కార్డును కుట్టుమిషను సొరుగులో దాచుకుంది. నూనె చేతులతో తీసి చూసుకోవడం వల్ల దాని అంచులు నల్లబడ్డాయి. ఆ మాట పట్టుకొనే మమ్మల్ని పెంచింది.

కొత్త సభ్యుడు: మా సంఘంలో కార్డులు ఇవ్వరు. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొని, కీర్తన పాడి ఇళ్లకు వెళ్తాము.

గోదావరి విశ్వాసి: సిస్టర్ గారూ, మత్తీయ ఎన్నిక పెంతెకొస్తుకు ముందు జరిగింది. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తరువాత సంఘం చీట్లు వేసినట్లు కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. యూదులు కాని విశ్వాసులకు సున్నతి అవసరమా అన్న వివాదం వచ్చినప్పుడు కూడా అపొస్తలులు, పెద్దలు కూర్చొని తర్కించారు.

మెదక్ సహోదరి: చీట్లు వేయకూడదని ఎక్కడ రాసి ఉందో చూపండి. చీట్ల తీర్పు యెహోవా వశమని సామెతలు 16:33 చెబుతోంది.

గోదావరి విశ్వాసి: నేను నిషేధం ఉందని అనలేదు, ఆ తరువాత మాదిరి లేదన్నాను. ఈ తేడా గమనించకపోతే చర్చ ముందుకు సాగదు.

కాపరి కుమారుడు: మత్తీయను ఇక విడిచిపెట్టండి, దయచేసి.

మెదక్ సహోదరి: తేడా నాకు బాగానే తెలుసు. సందర్భం, చరిత్ర అంటూ చదువుకున్నవారు గీసిన గీత దాటి చదువురాని విధవరాలితో దేవుడు మాట్లాడకూడదన్నదే మీ వాదన.

గోదావరి విశ్వాసి: ఆ మాట నేను అనలేదు. మా తమ్ముడికి ‘నూతన క్రియ చేయుచున్నాను’ అన్న కార్డు వచ్చింది. అది దేవుని పిలుపేనని పెద్దలు ప్రార్థన చేసి పంపితే, ఉన్న ఉద్యోగం మానేసి అప్పు తెచ్చి దుకాణం పెట్టాడు. అది మూతపడిన రోజు, నీకు విశ్వాసం చాలలేదని అదే పెద్దలు అన్నారు. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నప్పుడు సంఘం నుంచి ఒక్కరూ రాలేదు. వాడు ఇప్పుడు మందిరపు గడప తొక్కడు. నా బాధ కార్డు గురించి కాదు. మాట ఇచ్చిన సంఘం ఆ మనిషి పక్కన నిలబడకపోవడం గురించి.

మెదక్ సహోదరి: మీ తమ్ముడికి జరిగింది అన్యాయమే, ఆ పెద్దలు దేవునికి లెక్క అప్పగించాలి. అయితే నిలకడ సహవాసంలో దొరుకుతుందని మొదట రాసింది మీరే. మా నాన్నగారి భూస్థాపన అయ్యాక మా వీధికి ఏ పెద్దా రాలేదు. సంఘం వస్తుందని కాచుకొని ఉంటే మా అమ్మ ఏమైపోయేది? ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క వచనమే, దాన్ని కూడా సందర్భం తెలియదని లాక్కుంటారా?

గోదావరి విశ్వాసి: లాక్కోమనలేదు. హెబ్రీయులకు 13వ అధ్యాయం సహోదర ప్రేమ నిలువరముగా ఉండనియ్యమన్న మాటతోనే మొదలవుతుంది. ఆ అధ్యాయమంతా ఆమెకు చదివి వినిపించే మనిషిని పంపడం సంఘం బాధ్యత అంటున్నాను.

మెదక్ సహోదరి: పంపలేదు కదా. ఆ పని పక్కింటి పిల్ల చేసింది, ఆమె మన విశ్వాసి కూడా కాదు.