నీళ్లలో పడ్డ ఫోన్: ఆరబెట్టడం ముందా, బ్యాటరీ విప్పడం ముందా?

ప్రశ్న:
ఫోన్ బకెట్ నీళ్లలో పడింది, అర నిమిషంలో బయటికి తీశాం. బ్యాటరీ లోపల అంటించి ఉండే రకం. స్క్రీన్ వెలుగుతోంది కానీ టచ్ సరిగా పనిచేయడం లేదు. బియ్యంలో పెట్టమని ఒకరు, హెయిర్ డ్రయ్యర్ పట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఫొటోలకు బ్యాకప్ లేదు. ఇంట్లో ఏం చేయొచ్చో, ఏ వరసలో చేయాలో చెప్పండి.

జవాబు 1:
వెంటనే స్విచాఫ్ చేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు. ఛార్జర్ జోలికి అసలు పోవద్దు. సిమ్ ట్రే తీసేసి, ఛార్జింగ్ పోర్టు కిందికి ఉండేలా ఫోన్‌ను నిలబెట్టండి.

తడిసిన బోర్డు (చిప్‌లు అతికించి ఉండే సర్క్యూట్ పలక) మీద వోల్టేజీ ఉన్నంతసేపూ నష్టం జరుగుతూనే ఉంటుంది. నీళ్లలోని లవణాల గుండా కరెంటు పక్క పిన్నుకు పారి, రాగి కరిగి ఆకుపచ్చ చిలుము పడుతుంది. స్విచాఫ్ చేసినా బ్యాటరీ లైన్‌లో దాదాపు 4 వోల్టులు అలాగే ఉంటాయి. అందుకే బ్యాటరీ కనెక్టర్ విప్పడమే అసలు పని, అదీ మొదటి గంటల్లోనే.

బియ్యం వద్దండీ. చిప్‌ల కింద, వాటిపై ఉండే లోహపు మూతల (షీల్డుల) కింద చేరిన నీటిని అది లాగలేదు, పైగా పిండి పోర్టులో ఇరుక్కుంటుంది. డ్రయ్యర్ గాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది, ఆ వేడి బ్యాటరీకి ప్రమాదం. విప్పలేని పరిస్థితిలో ఫ్యాన్ గాలికి రెండు రోజులు ఉంచడమే వీటికన్నా మేలు.

జవాబు 2:
విప్పే పద్ధతి. వెనక మూత అంచులను వేడి నీళ్ల సంచితో కాసేపు వెచ్చబెట్టి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో జిగురు కోయండి. లోపల పల్చటి పట్టీల్లాంటి ఫ్లెక్స్ కేబుళ్లు ఉంటాయి, ముక్కను లోతుగా దూర్చొద్దు. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి, ఏది ఎక్కడిదో కాగితం మీద గీసి పెట్టుకోండి. పొడవు స్క్రూను పొట్టి చోట బిగిస్తే బోర్డు లోపలి తీగలు తెగుతాయి. బ్యాటరీ కనెక్టర్‌ను ప్లాస్టిక్ పుల్లతోనే పైకి లేపాలి.

బోర్డును విడిగా తీసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 5-10 నిమిషాలు ఉంచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కనెక్టర్ల చుట్టూ రుద్దండి. డిస్‌ప్లే, కెమెరా, స్పీకర్, బ్యాటరీలను అందులో ముంచకూడదు. డిస్‌ప్లే పొరల్లోకి దిగితే మరకలు పోవు. ఆల్కహాల్ త్వరగా నిప్పంటుకునే ద్రవం, కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారు:
బ్యాటరీ కనెక్టర్ విప్పేశాం. సిమ్ స్లాట్‌లోని తెల్ల స్టిక్కర్ ఎర్రగా మారింది. ఇంట్లో ఉన్నది 70 శాతం ఆల్కహాలే, సరిపోతుందా?

జవాబు 2:
స్టిక్కర్ ఎర్రబడిందంటే నీళ్లు అక్కడి దాకా వెళ్లినట్టే. 70 శాతంలో మిగతా 30 నీళ్లే, చిప్‌ల కింద నుంచి ఆరడానికి చాలాసేపు పడుతుంది. బ్యాటరీ విప్పేశారు కనుక మరీ తొందర లేదు, 99 శాతానిది తెచ్చుకున్నాకే కడగండి.

జవాబు 3:
సముద్రపు నీరు, టీ, కూల్‌డ్రింక్ పడినవాళ్లకు ఒక మాట: ఉప్పు, చక్కెర ఆల్కహాల్‌లో సరిగా కరగవు. బ్యాటరీ విప్పాక బోర్డును ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ తర్వాతే ఆల్కహాల్ వాడాలి. ఐపీ68 రేటింగ్ (నీళ్లు, దుమ్ము లోపలికి పోవని తెలిపే గుర్తు) ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. ఆ పరీక్ష మంచినీటిలో, కొత్త ఫోన్ మీద చేసింది. కింద పడి మూత కాస్త వంగినా సీలు పోతుంది.

జవాబు 1:
బోర్డు పూర్తిగా ఆరాక, ఛార్జర్ పెట్టకుండా బ్యాటరీతోనే ఆన్ చేయండి. ఆన్ అయితే మొదటి పని ఫొటోలు కాపీ చేసుకోవడం. ఇప్పుడు బాగానే ఉన్నా, చిప్‌ల కింద మిగిలిన చిలుము వల్ల కొన్ని వారాలకు ఆగిపోయే ఫోన్లు ఉంటాయి. ఛార్జింగ్ పెట్టే ముందు టార్చ్ వేసి పోర్టు చూడండి, పిన్నులు ఆకుపచ్చగా ఉంటే ఇంకా శుభ్రం కాలేదన్నమాట. బ్యాటరీ ఉబ్బినా, ముట్టుకుంటే కాలినా పొడవొద్దు, నొక్కొద్దు, దాన్ని మార్చాల్సిందే.

ఆన్ కాకపోతే పదే పదే బటన్ నొక్కకండి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి (రహస్య సంకేతాలుగా మారి) ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్ ఒక్కటే ఊడదీసి ఫొటోలు చదవలేరు. అదే బోర్డును బతికించాలి కాబట్టి, దాన్ని అలాగే బోర్డు రిపేర్ చేసేవారికి ఇవ్వండి.