సెయిలింగ్ క్లబ్బు చరిత్రను కోరంగి నుంచి మొదలుపెట్టవచ్చా?

కాకినాడ తెరచాప:
మేము కొందరు మిత్రులం కలిసి కాకినాడలో చిన్న సెయిలింగ్ క్లబ్బు నడుపుతున్నాం. పెద్ద హంగులేమీ లేవు. 15 ఏళ్ల లోపు పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవలున్నాయి. పొడవు 2.3 మీటర్లు, మొద్దు ముక్కు, ఒకటే తెరచాప. వార్షికోత్సవ సంచికకు క్లబ్బు చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. కాకినాడ దగ్గర ఒకప్పుడు పేరున్న కోరంగి రేవుతో మొదలుపెట్టి, ఆ పక్కనే తాళ్ళరేవులో కట్టిన ఓడల మీదుగా మా క్లబ్బు దాకా తెచ్చాను. మా కార్యదర్శి గారు మొదటి నాలుగు పేజీలూ కొట్టేశారు. క్లబ్బు పుట్టిన రోజు నుంచే రాయాలట. హోప్ ఐలాండ్ చాటున, ఆ ఓడలు తిరిగిన నీళ్లలోనే మా పిల్లలు చాప ఎత్తుతున్నారు కదా, ఆ పేజీలు ఎందుకు ఉండకూడదు? మీరేమంటారు?

ఓడల వడ్రంగి మనుమడు:
ఉండాలి. మీ కార్యదర్శి గారు తాళ్ళరేవు వైపు ఎన్నడూ రానట్టున్నారు. మా తాతగారు కాగితం మీద గీత గీయకుండా ఓడ కట్టేవారు. ఓడకు పక్కటెముకల్లాంటి లోపలి వంకీలకు తుమ్మ కొమ్మలు ఏరేవారు. కొయ్యను కోసి వంపు తెస్తే బలం పోతుందని, చెట్టు మీదే వంపు తిరిగిన కొమ్మ కోసం ఊళ్లు తిరిగేవారు. పలకల సందుల్లో నార కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పట్టించాక, సందు మీద వేలి గోరు నడిపించి చూసేవారు. గోరు తట్టుకుంటే ఆ పని మళ్లీ చేయాల్సిందే.

ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లినవాళ్ల వల్ల అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచారు. ఒక రేవు పేరు ఒక జాతి పేరైపోయింది. దాన్ని వదిలేసి ఏం చరిత్ర రాస్తారు?

లెక్కల మాస్టారు:
కోరంగి గొప్పతనం మీద నాకు అనుమానం లేదు. ఆ గొప్పతనం ఈ క్లబ్బుది ఎలా అయిందనే అనుమానం. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించే పని ఇది.

కాకినాడలో బోట్ క్లబ్ ఎక్కడని ఎవరినైనా అడగండి, చెరువు దగ్గరికి దారి చూపిస్తారు, సముద్రానికి కాదు. సరదాకు, పందేలకు, రాసిపెట్టుకున్న నియమాలతో పడవ నడపడమనే క్లబ్బు అలవాటు మనకు వేరే దారిలో వచ్చింది. బొంబాయి యాట్ క్లబ్బు 1846 నాటిది, మద్రాసుది 1911 నాటిది. తెల్లదొరల పాలనలో బొంబాయి క్లబ్బులోకి భారతీయులకు సభ్యులుగా ప్రవేశమే లేదు. మీ ఆప్టిమిస్ట్ పడవ కూడా 1947లో అమెరికాలో రూపు దిద్దుకున్నదే. నిజాయితీగా రాస్తే మీ వంశవృక్షం అటు పోతుంది, తాళ్ళరేవుకు కాదు.

ఇంకొక మాట. 1839 తుఫానులో కోరంగి దగ్గర 20,000 ఓడలు మునిగాయని మీ వ్యాసంలో కూడా ఉండే ఉంటుంది, అందరూ రాస్తారు. ఓడకు పది గజాల చోటు చొప్పున వరుసగా నిలిపి చూడండి. రెండు లక్షల గజాలు, అంటే 180 కిలోమీటర్ల పైమాట. ఆ వరుస రాజమండ్రి దాటి పాపికొండల్లోకి పోతుంది. వారసత్వం మీద మోజు పెరిగేకొద్దీ లెక్క చూసే ఓపిక తగ్గుతుంది.

ఓడల వడ్రంగి మనుమడు:
చేపల పడవలు, దోనెలు, అన్నీ కలిపి చెప్పిన లెక్క కావచ్చు కదా మాస్టారూ. అంకె తప్పయితే తుఫాను అబద్ధమవుతుందా? 1789లోనూ ఉప్పెన వచ్చింది. ఆ తర్వాత కూడా అక్కడ ఓడలు కట్టారు. కోరంగిని చివరికి దెబ్బతీసింది గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు. రేవు పూడిపోయి వ్యాపారం కాకినాడకు మళ్లింది.

లాకుల గట్టువాడు:
మీరిద్దరూ సముద్రం వదిలి లోపలికి రావడం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. తర్వాత దశాబ్దాల పాటు డెల్టాలో సరుకూ మనుషులూ తిరిగింది కాలువల మీద. గాలి వెనక నుంచి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగేవారు. వంతెన వస్తే చాప కట్టిన కొయ్య దించేవారు. కాలువలో నీటిమట్టం మారేచోట కట్టిన లాకులోకి పడవ వచ్చాక వెనక తలుపు మూసి, నీటిమట్టం సమానం అయ్యేదాకా ఆగి, ముందు తలుపు తీసేవారు. ఆ ఆగిన సేపే గట్టు మీద బేరాలు. కాటన్ దొర రైళ్ల కంటే కాలువలే మేలని చివరిదాకా వాదించాడు. 1900లో రాజమండ్రి దగ్గర రైలు వంతెన రానే వచ్చింది, ఆ తర్వాత లారీలు. కాకినాడ–పుదుచ్చేరి కాలువను 2008లో జాతీయ జలమార్గం చేశారు. మా లాకు దగ్గర గుర్రపుడెక్కకు ఆ సంగతి ఇంకా తెలియదు.

కోరంగి నుంచి ఒక్క గెంతులో క్లబ్బుకు వస్తే ఈ తాడు లాగినవాళ్లు ఏమైనట్టు?

ఏటిమొగ నావ:
నేను చేపల వేట కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. 1980ల్లో నావలకు ఇంజన్లు బిగించేదాకా మా నాన్న చాప మీదే సముద్రానికి వెళ్లేవాడు. పొద్దున నేల గాలికి వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగి రావడం. గాలి ఎదురైతే ఏటవాలుగా ఇటొకసారి అటొకసారి తిప్పుకుంటూ రావాలి. క్లబ్బులో పిల్లలకు డబ్బు తీసుకుని నేర్పేది అదే కదా. తెరచాపతో బతికినవాళ్లు చరిత్రలో తాళ్ళరేవుతో అయిపోయినట్టు మాట్లాడుతున్నారు, మేము ఇక్కడే ఉన్నాం.

మీ పందేల రోజున మమ్మల్ని వలలు తీసేయమన్నారు. అందుకే అడుగుతున్నాను. మీ క్లబ్బులో మా పేటవాళ్ల పిల్లలు ఎంతమంది?

కాకినాడ తెరచాప:
ప్రస్తుతం ఎవరూ లేరు. రుసుము సంగతి నాకు తెలుసు. పడవలు, లైఫ్ జాకెట్లు, వెంట ఉండే మోటారు బోటు, ఇవన్నీ ఖర్చే. కానీ దీనికీ నేను అడిగినదానికీ సంబంధం ఏమిటి?

లెక్కల మాస్టారు:
ఉన్న సంబంధమంతా అదే. ఆయన నాన్నగారి గురించి ఒక పేజీ రాసి, ఆయన అబ్బాయిని గేటు బయట నిలబెడితే ఆ పేజీని ఏమనాలి? బొంబాయి క్లబ్బు కనీసం స్థానికుల వారసత్వం తనదని చెప్పుకోలేదు.

ఓడల వడ్రంగి మనుమడు:
మాస్టారూ, అలాగైతే ఎవరూ ఏమీ రాయలేరు. రాస్తేనే కదా చదివి అడిగేది. ఈ చర్చ కూడా ఆ నాలుగు పేజీల పుణ్యమే.

ఏటిమొగ నావ:
రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ మాకు పని ఉండదు, అందులో చాలా రోజులు బడికీ సెలవులే. రుసుము లేకుండా మా పిల్లలకు పడవలివ్వండి, గాలి చదవడం మా పెద్దవాళ్లు మీ పిల్లలకు నేర్పుతారు. మోటారు బోటు అద్దె కూడా మిగులుతుంది, మా నావలు ఒడ్డునే ఉంటాయి.

కాకినాడ తెరచాప:
కార్యదర్శి గారి ముందు పెడతాను. పిల్లల భద్రత పూచీ ఎవరిదన్నది ఆయన మొదటి ప్రశ్న అవుతుంది.

ఏటిమొగ నావ:
1996 తుఫాను నుంచి తిరిగొచ్చినవాళ్లు మా పేటలో ఉన్నారు. ఆ ప్రశ్న వాళ్లను అడగమనండి.